తేనెటీగ లార్వా పేగే పెద్ద ఈగ పేగు అవుతుందా? ప్యూపా దశలో లోపల నిజంగా జరిగేది ఏంటంటే

మీరు అడిగింది ఏంటంటే, లార్వాకి, అంటే గుడ్డులోంచి వచ్చే పురుగుకి, ఉన్న పేగే సాగి మెలికలు తిరిగి పెద్ద ఈగ (ఎదిగిన తేనెటీగ) పేగు అవుతుందా, లేకపోతే ప్యూపాలో, అంటే మూసిన గదిలో తినకుండా ఒళ్లు మార్చుకునే దశలో, లోపలున్నదంతా కరిగి ముద్దయిపోయి మళ్ళీ కొత్తగా పుట్టుకొస్తుందా అని. దాంతోపాటు, అన్ని రోజులు తేనెపట్టులోని ఒకే గదిలో పడుకుని తింటూనే ఉండే లార్వా ఆ గదిని మలంతో ఎందుకు పాడుచెయ్యదు అని కూడా అడిగారు. పైకి ఇవి రెండు వేరు ప్రశ్నల్లా ఉన్నాయి గానీ రెండోది అర్థమైతే మొదటిదానికి సగం జవాబు దొరికినట్టే. నేను చాలా ఏళ్లుగా తేనెటీగల్ని మైక్రోస్కోప్ కింద కోసి చూసే పని, పిల్లలకి చూపించే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే మీరు అనుకున్న రెండూ కాదు. గొట్టం గొట్టంగానే ఉంటుంది, నోటి నుంచి చివరిదాకా ఆ గొట్టం ఎప్పుడూ మాయమైపోదు. కానీ ఆ గొట్టం గోడలో ఉన్న కణాలు, ముఖ్యంగా మధ్య పేగులో అన్నం అరిగించే కణాలు, అన్నీ చచ్చిపోయి ఊడిపోతాయి, వాటి కింద నుంచి కొత్త కణాలు వచ్చి కొత్త గోడ కడతాయి. ముందు పేగు, వెనక పేగు అయితే ఆకారంలో కూడా పూర్తిగా మారిపోతాయి, లార్వాలో అసలు లేని భాగాలు కొత్తగా తయారవుతాయి. అంటే గొట్టం పాతదే, అందులో పని చేసేవాళ్లు మాత్రం వేరు.

ఇంత పెద్ద మార్పు ఎందుకు కావాలో తెలియాలంటే ముందు లార్వా బతుకు ఎలా ఉంటుందో చూడాలి. గుడ్డు 3 రోజులకి పగులుతుంది, బయటికొచ్చిన లార్వా దాదాపు ఐదున్నర రోజులు తింటుంది, అంతే, దాని తిండి కాలం మొత్తం అదే. ఆ ఐదున్నర రోజుల్లో దాని బరువు వెయ్యి రెట్లకి పైగా పెరుగుతుంది. కాళ్లు లేవు, కళ్లు లేవు, ఎక్కడికీ వెళ్లే పనిలేదు, పడుకున్న చోటుకే పిల్లల్ని సాకే దాది ఈగలు వచ్చి తిండి పోసి వెళ్తాయి, మొదటి రోజుల్లో అయితే అది ఆ తెల్లటి జెల్లీలో తేలుతూ ఉంటుంది. అలాంటి జీవికి కావాల్సింది ఒకటే, తిన్నది తిన్నట్టు ఒళ్లుగా మార్చే పెద్ద పేగు. అందుకే లార్వాని కోసి చూస్తే లోపల దాదాపుగా మధ్య పేగే కనిపిస్తుంది. ముందు పేగు చిన్న సన్నటి గొట్టం, నోట్లోంచి తిండిని లోపలికి లాగడానికి తప్ప దానికి వేరే పనిలేదు. వెనక పేగు ఇంకా సన్నటిది, వెనక్కి వంగి ఉంటుంది. మధ్యలో మాత్రం ముందు భాగం దగ్గర నుంచి తోక దగ్గరదాకా ఒకే లావు సంచి, పొడుగ్గా, నున్నగా, మడతలు లేకుండా ఉంటుంది. దాని చుట్టూ మిగిలిన జాగా అంతా తెల్లటి కొవ్వు ముద్దలు, పక్కన పొడుగ్గా పట్టుదారం చేసే గ్రంథులు, ఇంకో నాలుగు సన్నటి గొట్టాలు, అవి మాల్పీజియన్ నాళికలు, అంటే రక్తంలో వ్యర్థాల్ని వడకట్టే భాగాలు. కోసి చూసేవాళ్లకి లార్వా లోపల ఇంతకుమించి పెద్దగా ఏమీ కనపడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ లావు సంచికీ వెనక పేగుకీ మధ్య దారి మూసుకుని ఉంటుంది. బయటనుంచి చూస్తే రెండూ అతుక్కునే ఉంటాయి కానీ లోపల ఖాళీ కలవదు. అంటే లార్వా తినేంత కాలం దాని పేగు ఒకవైపే తెరిచి ఉన్న సంచి. ఆ నాలుగు నాళికలు కూడా అంతే, వ్యర్థాల్ని పోగుచేసుకుంటూ ఉబ్బుతాయి గానీ పేగులోకి వదలవు. మీ రెండో ప్రశ్నకి జవాబు ఇదే, లార్వా మలం వెయ్యకపోవడం దాని మర్యాద కాదు, వెయ్యడానికి దారే లేదు. తను తేలుతున్న తిండిలోనే మలం కలిస్తే ఆ తిండి పులిసిపోయి లార్వా చచ్చిపోతుంది కాబట్టి ఈ ఏర్పాటు ఎంత అవసరమో ఆలోచించండి. ఇది తేనెటీగలకే ప్రత్యేకం కూడా కాదు, కందిరీగల లార్వాల్లోనూ చీమల లార్వాల్లోనూ ఇదే పద్ధతి ఉంటుంది.

మరి అన్ని రోజులు మలం ఆపుకుని ఎలా బతుకుతుంది అంటే, దానికి పెట్టే తిండి అలాంటిది. మొదటి 3 రోజులు దాది ఈగల తలలో ఉన్న గ్రంథుల నుంచి వచ్చిన జెల్లీయే ఆహారం, తర్వాత కూలి ఈగ కాబోయే లార్వాకి అందులో తేనె, కొంచెం పుప్పొడి కలుస్తాయి. పుప్పొడిని అరిగించే కష్టమైన పని దాది ఈగలు ముందే చేసేసి సారం మాత్రమే జెల్లీగా ఇస్తున్నాయి, కాబట్టి లార్వాకి దక్కేది దాదాపు మొత్తం ఒంటికి పట్టే తిండే. మిగిలేది తక్కువ, ఆ తక్కువ కూడా ఎక్కువ భాగం పుప్పొడి పెంకులే, పుప్పొడి గింజ బయటి పెంకుని ఏ ఈగా అరిగించుకోలేదు. ఆ మిగిలినదంతా సంచి మధ్యలోనే ఉండిపోతుంది, దాని చుట్టూ పల్చటి పొరలు చుట్టుకుని ఉంటాయి, ఆ పొరలే తిండికీ పేగు గోడకీ మధ్య అడ్డు. బతికున్న లార్వాని వెలుతురుకి పెట్టి చూస్తే చర్మంలోంచి లోపల పసుపుపచ్చటి గీతలా కనిపించేది ఇదే.

తిండి కాలం అయిపోగానే దాదులు గదికి మైనం మూత వేస్తాయి, అది గుడ్డు పెట్టిన దగ్గర నుంచి లెక్కేస్తే సుమారు 9వ రోజు. అప్పుడు లోపల ఒకదాని తర్వాత ఒకటి చాలా పనులు జరుగుతాయి. ఇన్నాళ్లూ లార్వాని లార్వాగా ఉంచిన జువెనైల్ హార్మోన్ తగ్గుతుంది, ఎక్డైసోన్ అనే ఇంకో హార్మోన్ పెరగడం మొదలవుతుంది, ఈ రెండిటి హెచ్చుతగ్గులే మొత్తం కథని నడిపిస్తాయి. లార్వా తినడం ఆపేస్తుంది, పొడుగ్గా సాగుతుంది, గదిలో దొర్లుతూ కింది పెదవి దగ్గరనుంచి వచ్చే పట్టుదారంతో గోడల మీద గూడు అల్లుకుంటుంది. సరిగ్గా ఈ టైమ్‌లోనే మధ్య పేగుకీ వెనక పేగుకీ మధ్య మూసిన దారి తెరుచుకుంటుంది, నాళికలు కూడా తెరుచుకుంటాయి, అన్ని రోజులు దాచుకున్నదంతా ఒక్కసారిగా గది అడుగుకి వెళ్లిపోతుంది. లార్వా జీవితంలో మలవిసర్జన అంటే ఇదొక్కటే. అది గూడు దారాల పొరల వెనక, గది అడుగున అతుక్కుపోతుంది, ఎండిపోతుంది, కొత్తగా తయారవుతున్న ఒంటికి తగలదు.

పాత తేనెపట్లు ఎందుకు నల్లబడతాయి అని చాలామంది అడుగుతుంటారు, కారణంలో పెద్ద భాగం ఇదే. ప్రతి తరం లార్వా ఒక పట్టుదారం పొర, ఒక మలం పొర వదిలి వెళ్తుంది, ఈగలు గదిని శుభ్రం చేస్తాయి గానీ గోడకి అంటుకుపోయిన గూడుని పీకలేవు, అలా పొర మీద పొర పేరుకుని గది చిన్నదవుతుంది, అడుగు మందమవుతుంది, మైనం రంగు తేనె రంగు నుంచి కాఫీ రంగుకి, తర్వాత నలుపుకి తిరుగుతుంది. మైనపు పురుగుకి కొత్త తేనెపట్టు కన్నా పాత తేనెపట్టే ఎక్కువ ఇష్టం ఎందుకంటే ఒట్టి మైనంలో దానికి బలం లేదు, ఈ పొరల్లో ఉంది. పెట్టెల్లో పాత బ్రూడ్ ఫ్రేములు (పిల్లలు పెరిగే పట్టు ఉన్న చట్రాలు) తీసేసి కొత్తవి పెట్టమని చెప్పేది ఇందుకే, దాన్ని మాత్రం నిర్లక్ష్యం చెయ్యకండి.

గూడు అల్లడం అయిపోయాక లార్వా నిటారుగా, తల మూతవైపు పెట్టి కదలకుండా పడుకుంటుంది, దీన్ని ప్రీప్యూపా అంటారు, బయటికి ఏమీ జరగనట్టు ఉంటుంది గానీ పేగు విషయంలో అన్నిటికన్నా హడావిడి రోజులు ఇవే. మధ్య పేగు గోడలో రెండు రకాల కణాలు ఉంటాయి. ఒకటి పెద్ద పెద్ద అరుగుదల కణాలు, ఎంజైములు వదిలేవి, సారం పీల్చేవి ఇవే. రెండోది వాటి అడుగున అక్కడక్కడా నక్కి ఉండే చిన్న చిన్న కణాలు, లార్వా బతికినంత కాలం ఇవి పెద్దగా కంటికి ఆనవు. ప్రీప్యూపాలో ఈ చిన్న కణాలు జోరుగా చీలడం మొదలుపెడతాయి, ఒకదానికొకటి దగ్గరై పాత గోడ కింద కొత్త గోడ పేరుస్తాయి. అదే సమయంలో పైనున్న పెద్ద కణాల్లో చావు కార్యక్రమం మొదలవుతుంది, దెబ్బ తగిలి చచ్చిపోవడం కాదు, కణం తనంతట తానే తన కేంద్రకాన్ని ముక్కలు చేసుకుని, తన లోపలి సామాన్లని తానే అరిగించుకుని పద్ధతిగా పోవడం. కొత్త గోడ సిద్ధమయ్యాక పాత గోడ మొత్తం ఊడి పేగు లోపలికే పడిపోతుంది. ప్యూపాని కోసినప్పుడు మధ్య పేగులో పసుపుగా, మెత్తగా ఒక ముద్ద కనిపిస్తుంది, తిండి తినని ప్యూపా పేగులో ఈ ముద్ద ఎక్కడిది అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు, అది పాత పేగే. కొత్త పేగు దాన్ని మెల్లగా అరిగించి సారం పీల్చుకుంటుంది. ప్యూపాకి బయటనుంచి ఒక్క మెతుకు కూడా అందదు కదా, కాబట్టి పాత కణాల్లో ఉన్న ప్రోటీన్ కూడా వృథా పోనివ్వదు. మిగతా ఖర్చంతా లార్వా పోగేసిన కొవ్వు ముద్దల మీద నడుస్తుంది.

"ప్యూపాలో అంతా సూప్ అయిపోతుంది" అని చాలా వీడియోల్లో చెప్తుంటారు, తేనెటీగ పేగు విషయంలో అది తప్పు. కొత్త గోడ కింద తయారయ్యాకే పాతది ఊడుతుంది కాబట్టి గొట్టానికి ఎక్కడా చిల్లు పడదు, పడితే లోపలున్నది రక్తంలో కలిసి ప్యూపా అక్కడే పోతుంది. నాడులు, గుండె గొట్టం, గాలి గొట్టాలు కూడా మార్పులు చెందుతాయే తప్ప ద్రవంగా కరిగిపోవు.

ముందు పేగు, వెనక పేగు కథ వేరు. ఇవి పుట్టుకలోనే చర్మంతో సంబంధం ఉన్నవి, అందుకే వీటి లోపలివైపు చర్మం లాంటి పల్చటి పొర ఉంటుంది, పాము కుబుసం విడిచినట్టు లార్వా చర్మం వదిలిన ప్రతిసారీ పేగు లోపలి ఈ పొర కూడా ఊడి కొత్తది వస్తుంది. మధ్య పేగుకి ఆ పొర లేదు. ముందు పేగూ మధ్య పేగూ కలిసే చోట, మధ్య పేగూ వెనక పేగూ కలిసే చోట చిన్న కణాల పట్టీలు ఉంటాయి, లార్వా కాలంలో అవి ఊరికే ఉండి ఈ టైమ్‌లో చీలి కొత్త భాగాల్ని కడతాయి.

ఏ భాగాలు? ముందుగా నడుము సంగతి చూడండి. లార్వాకి నడుము లేదు, ఒళ్లంతా ఒకే లావు. పెద్ద ఈగకి ఛాతీకీ పొట్టకీ మధ్య సన్నటి నడుము వస్తుంది, ఛాతీ నిండా రెక్కల కండరాలు వస్తాయి. ఇక ఛాతీలో లావు పేగుకి జాగా ఎక్కడ? అందుకే మధ్య పేగు పొట్టిదై వెనక్కి జరిగి మొత్తం పొట్టలోకి చేరుతుంది, ముందు పేగు మాత్రం సన్నటి అన్నవాహికగా సాగి ఛాతీ మొత్తం దాటి నడుములోంచి దూరి పొట్టలోకి వస్తుంది. అక్కడికి రాగానే దాని చివర ఉబ్బి తేనె సంచి అవుతుంది. లార్వాలో ఈ సంచి ఆనవాలు కూడా ఉండదు, ఎందుకంటే లార్వాకి ఎవరికోసమో మోసుకెళ్లే పని లేదు. పెద్ద ఈగ బరువు సుమారు 100 మిల్లీగ్రాములైతే ఈ సంచిలో 40 మిల్లీగ్రాముల దాకా, బాగా నింపుకుంటే అంతకన్నా ఎక్కువ కూడా మకరందం పడుతుంది. నాకు మాత్రం మొత్తం మార్పులో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే, తను తినడానికి కాకుండా ఇంటికి తేవడానికి పేగులో ఒక గది కట్టుకోవడం.

ఆ సంచికీ మధ్య పేగుకీ మధ్య ఒక కవాటం తయారవుతుంది, దీన్ని ప్రొవెంట్రిక్యులస్ అంటారు. దీన్ని ఒక్కసారైనా మైక్రోస్కోప్ కింద చూడాలి. తేనె సంచి అడుగు నుంచి లోపలికి పొడుచుకొచ్చిన చిన్న మొగ్గలా ఉంటుంది, దాని మూతి నాలుగు మూడుకోణాల పెదాలు, మూసుకుంటే గుణకారం గుర్తులా కనిపిస్తుంది. పెదాల అంచుల మీద వెనక్కి తిరిగిన సన్నటి వెంట్రుకలు ఉంటాయి. ఈగని అప్పుడే చంపి విప్పితే ఆ పెదాలు ఇంకా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండటం కనిపిస్తుంది. మకరందంలో తేలుతున్న పుప్పొడి గింజల్ని ఆ వెంట్రుకలు పట్టుకుంటాయి, చక్కెర నీళ్లు తిరిగి సంచిలోకి జారిపోతాయి, పోగైన పుప్పొడి చిన్న ముద్దగా మధ్య పేగులోకి వెళ్తుంది. ఇంకోవైపు దీని మెడ మధ్య పేగులోకి దిగి ఉంటుంది కాబట్టి అక్కడున్నది వెనక్కి రాదు, ఈగ పొట్టలోంచి కక్కిన తేనె మనకి శుభ్రంగా ఉండటానికి కారణం ఈ చిన్న మొగ్గ. ఈగకి తనకే ఆకలేస్తే కవాటం తెరిచి కావలసినంత లోపలికి వదులుకుంటుంది, అంతే.

వెనకవైపు కూడా పని తక్కువేం కాదు. లార్వాకి ఉన్న ఆ నాలుగు మాల్పీజియన్ నాళికలు నశించిపోతాయి, వాటి బదులు మధ్య పేగు చివర దగ్గర సుమారు వంద సన్నటి దారాల్లాంటి నాళికలు మొలుస్తాయి. ఎగిరే ఈగ ఒంట్లో జరిగే రసాయన ఖర్చు పడుకున్న లార్వాతో పోల్చలేనిది కాబట్టి వడకట్టే పని కూడా అంత పెరుగుతుంది. వెనక పేగు రెండు భాగాలవుతుంది, ముందు సన్నటి చిన్న పేగు, దాని తర్వాత బాగా సాగే మలాశయం. మలాశయం గోడలో ఆరు దిండ్లు ఉంటాయి, మలంలోంచి నీళ్లూ లవణాలూ వెనక్కి లాక్కోవడానికి పనికొచ్చేవి ఇవే. ఆరోగ్యంగా ఉన్న కూలి ఈగ కూడా మామూలుగా పట్టులో మలం వెయ్యదు, ఎక్కువగా ఎగిరినప్పుడే వేస్తుంది, చలి దేశాల్లో వారాలకి వారాలు ఆపుకుంటుంది, అప్పుడు మలాశయం ఉబ్బి పొట్టలో చాలా భాగం ఆక్రమిస్తుంది. చూశారా, ఇంటిని పాడుచెయ్యకుండా ఆపుకోవడం లార్వాలోనూ ఉంది, పెద్ద ఈగలోనూ ఉంది, కానీ దాచుకునే చోటు పూర్తిగా వేరు. లార్వా మధ్య పేగులో దాస్తుంది, పెద్ద ఈగ మలాశయంలో. మధ్య పేగుని ఖాళీగా ఉంచుకోగలగడం వల్లే పెద్ద ఈగ రోజూ తినగలుగుతుంది.

పట్టుదారం గ్రంథుల గురించి ఒక్క మాట, గూడు అల్లడం అయ్యాక అవి కూడా తమంతట తామే నశిస్తాయి, వాటి ముందు భాగంలో మిగిలిన దాంట్లోంచి పెద్ద ఈగ ఛాతీలో ఉండే లాలాజల గ్రంథులు వస్తాయి. జెల్లీ తయారుచేసే తల గ్రంథులు మాత్రం ప్యూపాలో విడిగా పుడతాయి.

రోజుల లెక్క కావాలంటే, కూలి ఈగకి గుడ్డు నుంచి బయటికి రావడానికి 21 రోజులు, రాణికి 16, మగ ఈగకి 24. క్రమం మూడిటికీ ఒకటే, రాణికి మాత్రం ప్యూపా దశ చాలా తొందరగా నడుస్తుంది. ప్యూపా వయసు తెలుసుకోవడానికి కళ్ల రంగు చూస్తాం, మొదట తెలుపు, తర్వాత గులాబీ, ఆ తర్వాత గోధుమ రంగు, నలుపు. గులాబీ కళ్ల టైమ్‌లో ఎక్డైసోన్ మళ్ళీ బాగా పెరుగుతుంది, పెద్ద ఈగ చర్మం, పేగు లోపలి పొరలు తయారవడం ఆ తర్వాత ఊపందుకుంటుంది.

ఇక ఈగలు పెంచేవాళ్లకి ఇదంతా ఎందుకు పనికొస్తుందంటే, జబ్బులు పేగుని బట్టే వస్తాయి. లార్వాల్ని చంపే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే జబ్బు తెచ్చే బాక్టీరియా స్పోర్లు (నిద్రాణంగా ఉండే విత్తనాల్లాంటివి) అప్పుడే పుట్టిన లార్వా పేగులోకి వెళ్తే చాలు, అతి తక్కువ స్పోర్లతోనే జబ్బు పట్టుకుంటుంది, అవి మధ్య పేగులో మొలిచి పెరిగి, అడ్డుగా ఉన్న పొరని తినేసి, గోడ దాటి ఒంట్లోకి పోతాయి. లార్వా ఒకటిన్నర రోజులు దాటితే జబ్బు పట్టడం బాగా తగ్గుతుంది, పెద్ద ఈగ అయితే అవే స్పోర్లని మోస్తూ తిరుగుతుంది గానీ దానికి జబ్బు రాదు. యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ బాక్టీరియా ఇంకో రకం, అది మూసి ఉన్న ఆ సంచిలోనే కూర్చుని లార్వా తిండిని తినేస్తుంది, లార్వా ఆకలితో ఎక్కువగా మూత వెయ్యకముందే పోతుంది. కానీ దాదులు బాగా తినిపిస్తే కొన్ని బతికి బయటపడతాయి, అలా బతికిన లార్వా గూడు అల్లేటప్పుడు దారి తెరుచుకుని మలంతో పాటు ఆ బాక్టీరియాని గది అడుగున వదిలి వెళ్తుంది. అంటే పైకి బాగానే పుట్టిన ఈగ గది కూడా జబ్బు గదే. ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది చచ్చిన లార్వాలు కనిపించిన ఫ్రేములే తీసేసి మిగతా పాత బ్రూడ్ ఫ్రేములు అలాగే ఉంచేస్తారు. నోసీమా దీనికి ఎదురు, అది ప్రధానంగా పెద్ద ఈగ మధ్య పేగు కణాల్లోకి దూరే జబ్బు.

ఇంకో సంగతి, ఇది ఈమధ్య కాలంలో బాగా తెలిసొచ్చింది. అప్పుడే గది మూత కొరుక్కుని బయటికొచ్చిన ఈగ పేగులో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. లార్వా కాలంలో ఉన్న కొద్దిపాటి బాక్టీరియా మలంతో, ఊడిన పొరలతో పోతుంది. కొత్త ఈగ మొదటి కొద్ది రోజుల్లో తోటి ఈగల్ని తాకుతూ, పట్టు మీద తిరుగుతూ, వాటి మలం జాడల నుంచి తన బాక్టీరియాని సంపాదించుకుంటుంది. స్నోడ్‌గ్రాసెల్లా, గిల్లియామెల్లా, లాక్టోబాసిల్లస్ లాంటి కొన్ని రకాలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి, చిన్న పేగు గోడకి స్నోడ్‌గ్రాసెల్లా అతుక్కుని ఉంటుంది, మలాశయంలో అన్నిటికన్నా ఎక్కువ జనాభా ఉంటుంది. ల్యాబుల్లో బ్రూడ్ ఫ్రేముని వేరే పెట్టి 34-35 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో ఈగల్ని పుట్టించి పాత ఈగలకి తగలకుండా పెంచితే వాటికి ఈ మామూలు బాక్టీరియా రాదు, అలా చేసే వీటి పని ఏంటో పరీక్షిస్తారు. అంటే ప్యూపాలో పేగు గోడ సిద్ధమైనంత మాత్రాన పేగు పూర్తయినట్టు కాదు, బయటికొచ్చాక పుప్పొడి తిని, తోటి ఈగల మధ్య తిరిగాకే అది దాది ఈగ పేగుగా పని మొదలుపెడుతుంది. ప్యూపాలో కొత్త గోడ కట్టిన ఆ చిన్న కణాలు కూడా అక్కడితో ఆగవు, పెద్ద ఈగ పేగు గోడ అడుగున గుంపులుగా ఉండి అరిగిపోయిన కణాల బదులు కొత్తవి ఇస్తూనే ఉంటాయి.

మీరే కోసి చూడాలనుకుంటే పెద్ద కష్టం లేదు. ముందు పెద్ద ఈగతో మొదలుపెట్టండి, కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి చంపిన ఈగని ఛాతీ దగ్గర పట్టుకుని పొట్ట చివరి ముక్కని ట్వీజర్‌తో మెల్లగా లాగితే మలాశయం, చిన్న పేగు, మధ్య పేగు వరసగా బయటికొస్తాయి, గబుక్కున లాగితే తెగిపోతుంది. ఆరోగ్యమైన మధ్య పేగు లేత గోధుమ రంగులో, అడ్డంగా ఉంగరాల్లాంటి మడతలతో ఉంటుంది, నోసీమా ముదిరితే పాలరంగులో ఉబ్బి ఆ మడతలు సరిగ్గా కనపడవు. లార్వాకి ఈ లాగే పద్ధతి పనికిరాదు, చర్మం మరీ పల్చన, చిరిగితే మొత్తం కారిపోతుంది. మైనం పోసిన చిన్న గిన్నెలో పలచటి ఉప్పునీళ్లు పోసి, లార్వాని అందులో ముంచి, రెండు చివర్లా సన్న పిన్నులు గుచ్చి, వీపు మీద పైపైనే కత్తిరించండి. మూత వెయ్యబోయే లార్వా ఒకటి, నిటారుగా పడుకున్న ప్రీప్యూపా ఒకటి, తెల్ల కళ్ల ప్యూపా ఒకటి, ముదురు కళ్లది ఒకటి, ఇలా నాలుగు వయసులవి ఒకే రోజు పక్కపక్కన విప్పి చూడండి. మొదటిదాంట్లో పుప్పొడితో నిండిన లావు సంచి ఉంటుంది, రెండోది మలం వదిలేసింది అయితే సంచి సన్నబడి ఉంటుంది, మూడోదాంట్లో పాత గోడ ఊడి ఏర్పడిన పసుపు ముద్దని వెతకండి, నాలుగోదాంట్లో తేనె సంచి, వంద నాళికలు, మలాశయం దిండ్లు గుర్తుపట్టొచ్చు. ప్యూపాలు మరీ మెత్తగా ఉండి విప్పలేకపోతే ఒకరోజు ఆల్కహాల్‌లో ఉంచి అప్పుడు కోయండి, గట్టిపడి పని సులువవుతుంది, రంగులు మాత్రం కొంచెం పోతాయి.